ఎజైల్ ప్రాజెక్టులో అయిదేళ్ల ప్రయోజనాలకు లెక్క చెప్పడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా ఇక్కడ రాస్తున్నాను. మీ బృందం హైదరాబాదు నుంచి బ్రిటన్‌లోని ఒక మోటారు బీమా సంస్థకు క్లెయిముల వ్యవస్థను ఎజైల్ పద్ధతిలో, అంటే పనిని కొద్దికొద్దిగా అందిస్తూ, అవసరాన్ని బట్టి మార్చుకుంటూ, స్ప్రింట్లు అనే రెండు వారాల విడతల్లో కడుతోంది. ప్రాజెక్టు మంజూరైన రోజున, ఖర్చును సమర్థించే పత్రమైన బిజినెస్ కేస్‌లో అయిదేళ్లలో రావలసిన ప్రయోజనాలు రాసుకున్నారు. చేయవలసిన పనుల జాబితా అయిన బ్యాక్‌లాగ్ స్ప్రింటు స్ప్రింటుకూ మారుతోంది. క్లయింటు ఆర్థిక విభాగం మాత్రం ఆ అయిదేళ్ల అంకెలు ఎంతవరకు వచ్చాయని ప్రతి త్రైమాసికంలోనూ అడుగుతోంది. ఒక్కో స్ప్రింటులో ఎంత పని అయిందో చెప్పే వెలాసిటీ, ఇంకా ఎంత మిగిలిందో చూపే బర్న్‌డౌన్ చార్టులు తప్ప మీ దగ్గర చూపడానికి ఏమీ లేదు. పరిధి మారుతూ పోయే పనిలో దీర్ఘకాలిక ప్రయోజనాన్ని ఎలా పట్టుకోవాలి, బృందం వెళ్లిపోయాక దాన్ని ఎవరు చూడాలి, తొలి స్థితిని కొలవకుండానే ఏడాది గడిచిన ప్రాజెక్టులో ఈ పని మొదలుపెట్టవచ్చా అన్నవి మీ మూడు సందేహాలు.

నా సమాధానం సారాంశంగా ఇది: ఎజైల్‌లో పరిధి ఎంతైనా మారవచ్చు, కానీ ప్రయోజనానికి ఇచ్చిన నిర్వచనం, దాన్ని కొలిచే పద్ధతి, దానికి జవాబుదారీ అయిన వ్యక్తి మాత్రం స్థిరంగా ఉండాలి. వచ్చే ప్రయోజనం ఎంతన్న అంచనాను ప్రతి రిలీజు తర్వాతా, ఖర్చు లెక్కను ఎంత పట్టుదలగా సరిచూస్తామో అంత పట్టుదలగానే మళ్లీ కట్టాలి. చాలా ప్రాజెక్టుల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. అంచనా అంకె తొలిరోజు రాసినట్టే అయిదేళ్లూ ఉండిపోతుంది, కొలిచే పద్ధతి మాత్రం అడిగినవారిని బట్టి మారిపోతూ ఉంటుంది.

వెలాసిటీ దగ్గరే ఆగిపోవడం మీ ఒక్క బృందం సమస్య కాదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది కూడి రాసిన ఎజైల్ మ్యానిఫెస్టోకు తోడుగా ఉన్న సూత్రాలలో మొదటిదే విలువైన సాఫ్ట్‌వేర్‌ను త్వరగా, ఎడతెగకుండా అందించడం గురించి. మరో సూత్రం, పురోగతికి ప్రధాన కొలమానం పనిచేసే సాఫ్ట్‌వేరే అంటుంది. సాఫ్ట్‌వేర్ పనిచేస్తోందో లేదో శుక్రవారం డెమోలోనే తెలిసిపోతుంది. అది విలువైనదో కాదో తెలియడానికి కొన్నిసార్లు రెండేళ్లు పడుతుంది. వెంటనే తెలిసేదాన్ని కొలవడం అలవాటైపోయి, ఆలస్యంగా తెలిసేది లెక్కల్లోంచి జారిపోయింది. స్ప్రింట్లతో నడిచే ఎజైల్ విధానం స్క్రమ్; 2020 నవంబరులో సవరించిన స్క్రమ్ గైడ్ ప్రొడక్ట్ గోల్ (ఉత్పత్తి చేరవలసిన గమ్యం) అనే భావనను చేర్చి, బ్యాక్‌లాగ్ అంతా దానికి కట్టుబడి ఉండాలని చెప్పింది. అది మంచి మార్పే అయినా ఆ గోల్ సాధించాక డబ్బు రూపంలోనో సేవ రూపంలోనో ఎవరికి ఏమి ఒరిగిందన్న లెక్క స్క్రమ్ చెప్పదు. ఆ లెక్కను మనమే పక్కన కట్టుకోవాలి.

బీమా క్లెయిముల ఉదాహరణతోనే ఆ లెక్క ఎలా తప్పుతుందో చూద్దాం. ఈ అంకెలు కేవలం లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవి. ఏడాదికి 1,20,000 క్లెయిములు వస్తాయనీ, ఒక్కొక్కదానికి సిబ్బంది 40 నిమిషాలు వెచ్చిస్తారనీ అనుకుందాం. మొత్తం 80,000 గంటలు. ఒక ఉద్యోగి ఏడాదికి నికరంగా 1,600 గంటలు పనిచేస్తే అది 50 మంది పని. వాహనదారుడే ఫొటోలు, వివరాలు ఆన్‌లైన్‌లో పంపే సదుపాయం ఇస్తే ఒక్కో క్లెయిముకు 12 నిమిషాలు ఆదా అవుతాయనీ, 60 శాతం మంది దాన్ని వాడతారనీ బిజినెస్ కేస్‌లో రాశారనుకుందాం. 72,000 క్లెయిములకు 12 నిమిషాల చొప్పున 14,400 గంటలు, అంటే తొమ్మిది మంది పని మిగులుతుంది. ఆ తొమ్మిది మంది జీతాన్ని అయిదుతో గుణించి ప్రయోజనం అని రాసేస్తారు.

ఇప్పుడు మీ బృందం ఆ సదుపాయాన్ని అనుకున్న తేదీకే, ఒక్క లోపం కూడా లేకుండా విడుదల చేసిందని అనుకోండి. ప్రయోజనం ఇంకా సున్నాయే. 60 శాతానికి బదులు 35 శాతం మంది వాడితే మిగిలేది 8,400 గంటలు, అంటే అయిదుగురి పనికి కాస్త ఎక్కువ. పోనీ 60 శాతమూ వాడారనుకున్నా, మిగిలిన సమయం 50 మందికి చెదిరిపోతే ఒక్కొక్కరికి రోజుకు గంటన్నరకు కాస్త తక్కువగా వస్తుంది. ఆ సమయాన్ని ఏం చేయాలో ఎవరూ నిర్ణయించకపోతే అది పాత కాగితాలు సర్దడంలోనూ, అదనపు ఫోన్‌కాల్స్‌లోనూ కలిసిపోతుంది. జీతాల ఖాతాలో ఒక్క పౌండు కూడా తగ్గదు. అది డబ్బుగా మారాలంటే క్లెయిముల విభాగాధిపతి ఒక నిర్ణయం తీసుకోవాలి. ఖాళీ అయిన పోస్టులను నింపకుండా వదిలేయడమో, పెరుగుతున్న క్లెయిములను అదే సిబ్బందితో నెట్టుకురావడమో, నిపుణులైన వారిని మోసపూరిత క్లెయిముల తనిఖీకి మార్చడమో చేయాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మీ బ్యాక్‌లాగ్‌లో ఉండదు, ఏ డెవలపరూ కోడ్ రాసి దాన్ని పూర్తి చేయలేడు. సాఫ్ట్‌వేర్ ఒక సామర్థ్యాన్ని ఇస్తుంది. ఆ సామర్థ్యం వల్ల మనుషులు పనిచేసే తీరు మారితేనే ప్రయోజనం పుడుతుంది. అందుకే ప్రయోజనానికి బాధ్యుడు ఆ విభాగాన్ని నడిపే వ్యక్తే కావాలి. బృందం పద్ధతిని చూసే స్క్రమ్ మాస్టరూ, పని సకాలంలో అందేలా చూసే డెలివరీ మేనేజరూ ఆ బాధ్యత మోయలేరు.

ఈ విషయంలో నేను తరచుగా ఉదహరించేది బ్రిటన్‌లోని యూనివర్సల్ క్రెడిట్ అనే సంక్షేమ పథకం. దాని గురించి అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం ప్రచురించిన నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. గృహభత్యం, పన్ను క్రెడిట్లు, నిరుద్యోగ భృతి వంటి ఆరు రకాల సాయాలను ఒకే చెల్లింపుగా మార్చేందుకు 2012లో చట్టం చేసి, 2013 ఏప్రిల్‌లో మాంచెస్టర్ సమీపంలోని ఆష్టన్-అండర్-లైన్‌లో మొదలుపెట్టారు. పని, పింఛన్ల శాఖ దీన్ని మొదట్లోనే ఎజైల్ పద్ధతిలో చేస్తామని ప్రకటించింది. అయితే పెద్ద కాంట్రాక్టులు, ముందే ఖరారైన తేదీలు, పైస్థాయి ఆమోదాలు అన్నీ పాత పద్ధతిలోనే ఉండిపోయాయి. 2013 సెప్టెంబరు నాటి ఆడిట్ నివేదిక ప్రకారం 3.4 కోట్ల పౌండ్ల విలువైన ఐటీ ఆస్తులను రద్దు చేసి పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ తర్వాత శాఖే సొంత బృందంతో కొత్త డిజిటల్ సేవను కట్టుకుని, 2014 చివర్లో లండన్‌లోని సటన్‌లో పరీక్షించి, ఉపాధి కార్యాలయాలైన జాబ్ సెంటర్లకు ఒక్కొక్కటిగా విస్తరిస్తూ, చేస్తూ నేర్చుకుంటూ ముందుకు వెళ్లింది. ఈ రెండో అంకాన్ని సాఫ్ట్‌వేర్ నిర్మాణం దృష్టితో చూస్తే నిజమైన ఎజైల్ అనే చెప్పాలి.

ప్రయోజనాల దృష్టితో చూస్తే కథ వేరు. 2018 జూన్‌లో వచ్చిన ఆడిట్ నివేదికలో రెండు అంశాలను మీ క్లయింటుతో కలిసి చదవమని సలహా ఇస్తాను. మొదటిది నిర్వహణ ఖర్చు. అప్పటికి ఒక్కో క్లెయిముకు (ఇక్కడ సాయం కోరే దరఖాస్తు) 699 పౌండ్లు ఖర్చవుతుండగా, 2024-25 నాటికి దాన్ని 173 పౌండ్లకు తేవాలన్నది లక్ష్యం. సేవను తొందరగా జనంలోకి తేవడానికి అనేక అంచెలను సిబ్బంది చేతులతో చేసే పనిగా వదిలేశారు. ముందు కనీస సదుపాయంతో విడుదల చేసి తర్వాత మెరుగుపరచడం మనందరం చేసేదే. కానీ దీర్ఘకాలిక పొదుపంతా ఆ "తర్వాత"లోనే ఉన్నప్పుడు, ఆ పనులు బ్యాక్‌లాగ్‌లో కొత్త సదుపాయాల కింద పడి నలగకుండా చూసే గొంతు ఒకటి ఉండాలి.

రెండోది ఇంకా లోతైనది. ఈ పథకం వల్ల అదనంగా రెండు లక్షల మందికి పని దొరుకుతుందన్నది దానికి చెప్పిన ప్రధాన ప్రయోజనాలలో ఒకటి. దాన్ని కొలవడం శాఖకు ఎప్పటికీ సాధ్యపడదని ఆడిట్ కార్యాలయం తేల్చింది. ఆర్థిక వ్యవస్థలోని మిగతా కారణాల నుంచి ఈ పథకపు ప్రభావాన్ని వేరు చేసి చూపించడం సాధ్యం కాదన్నది దాని వాదన. తొలి దశలో ఒంటరి నిరుద్యోగుల క్లెయిములే ఎక్కువగా ఉండడంతో, వారిని పాత నిరుద్యోగ భృతి అయిన జాబ్‌సీకర్స్ అలవెన్స్‌లో ఉన్నవారితో పోల్చి శాఖ కొన్ని ఫలితాలు చూపగలిగింది. అయితే పిల్లలున్న కుటుంబాలకు, అనారోగ్యంతో ఉన్నవారికి ఆ పోలికను అంటగట్టలేం. విస్తరణ ఏ క్రమంలో చేస్తున్నామన్నది ఏ ప్రయోజనాన్ని రుజువు చేయగలమో కూడా నిర్ణయిస్తుందన్న సంగతి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. రిలీజు ప్లాన్ వేసేటప్పుడు సాంకేతిక సౌలభ్యం, రిస్కు రెండూ చూస్తాం. కొలవడానికి వీలుగా ఉందా అన్న మూడో ప్రశ్నను ఎవరూ అడగరు. మీరు అడగండి.

దశలవారీ విడుదల వల్ల ఎజైల్ మనకు ఇచ్చే అతి పెద్ద అవకాశం కూడా ఇదే. పాత పద్ధతిలో ఒక్క రాత్రిలో అందరినీ కొత్త వ్యవస్థలోకి మార్చేస్తే, మర్నాటి నుంచి పోల్చడానికి పాతది అంటూ మిగలదు. మీరు మొదట ఒక ప్రాంతానికో, అద్దం పగిలిన క్లెయిముల వంటి ఒక రకానికో సదుపాయం ఇస్తే, ఇంకా మారని మిగతా ప్రాంతాలు అదే నెలలో, అదే వాతావరణంలో, అదే సిబ్బంది కొరతతో మీకు పోలికగా నిలబడతాయి. మంచు కురిసిన జనవరిలో క్లెయిములు పెరిగితే రెండు చోట్లా పెరుగుతాయి. తేడా మాత్రం మీ పనిదే. ఇది కేవలం మూడు నాలుగు నెలలు దొరికే అవకాశం. చివరి ప్రాంతం కూడా మారిన రోజున అది శాశ్వతంగా పోతుంది.

ఇక ఆచరణకు వస్తాను. ఒక కాగితం మీద కుడి చివర ప్రయోజనాన్ని రాసి అక్కడి నుంచి ఎడమకు వెనక్కి నడవండి. ఈ ప్రయోజనం రావాలంటే పనితీరులో ఏ మార్పు రావాలి, ఆ మార్పు రావాలంటే ముందుగా ఏ శిక్షణ, ఏ నిబంధన, ఏ నిర్ణయం అవసరం, వాటికి సాఫ్ట్‌వేర్ నుంచి ఏ సామర్థ్యం కావాలి అని అడుగుతూ పోతే ఒక పటం తయారవుతుంది. బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ స్కూల్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో జాన్ వార్డ్, ఆయన సహచరులు 1990లలో ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. ఎజైల్ కంటే ముందే పుట్టినా ఎజైల్‌కు ఇది చక్కగా అమరుతుంది. ఎందుకంటే పటంలో ఎడమ అంచున ఉండే సాఫ్ట్‌వేర్ సామర్థ్యాలు స్ప్రింటు స్ప్రింటుకూ మారినా కుడివైపున ఉన్నవి మారనక్కర లేదు. ఆన్‌లైన్ ఫారం స్థానంలో వాట్సాప్ ద్వారా ఫొటోలు తీసుకోవాలని ప్రొడక్ట్ ఓనర్ (బ్యాక్‌లాగ్‌లో ఏది ముందో తేల్చే వ్యక్తి) నిర్ణయిస్తే ఎడమ పెట్టె ఒక్కటే మారుతుంది. 12 నిమిషాల ఆదా, దాని వెనుక తొమ్మిది పోస్టుల నిర్ణయం అలాగే ఉంటాయి. ఏదైనా మార్పు వల్ల కుడివైపు పెట్టె కూడా కదులుతోందంటే అది బ్యాక్‌లాగ్ మార్పు స్థాయిని దాటి బిజినెస్ కేస్ మార్పుగా మారిందన్న మాట. అప్పుడు అది ప్రొడక్ట్ ఓనర్ ఒక్కరి చేతిలో నిర్ణయం కాకూడదు. ఈ ఒక్క గీత గీసుకుంటే మీ త్రైమాసిక సమావేశాల్లో సగం వాదనలు తగ్గుతాయి.

పటం తయారయ్యాక ప్రతి ఎపిక్‌కూ (బ్యాక్‌లాగ్‌లోని పెద్ద పని) అది ఏ ప్రయోజనానికి దారి తీస్తుందో ఒక్క మాటలో రాయించండి. ఎపిక్‌ను విడగొట్టిన చిన్న పనులైన యూజర్ స్టోరీల స్థాయి దాకా దీన్ని లాగవద్దు, అక్కడ అది కేవలం తంతుగా మారుతుంది. ఏ ప్రయోజనానికీ ముడిపడని ఎపిక్‌లు కొన్ని తప్పక ఉంటాయి. వాటిలో చట్టం కోసం చేయవలసినవి, భద్రత కోసం చేయవలసినవి న్యాయమైనవే. మిగిలినవి ఎవరో గట్టిగా అడిగినందువల్ల చేరినవని తేలుతుంది.

అంచనాను మళ్లీ మళ్లీ కట్టడం అన్న అంశం దగ్గర కొంతసేపు ఆగాలి, ఎందుకంటే క్లయింటు ఆర్థిక విభాగానికి మింగుడుపడనిది ఇదే. బిజినెస్ కేస్‌లోని అంకె ఒక వాగ్దానమని వారు అనుకుంటారు. నిజానికి అది ఒక పరికల్పన. మైక్రోసాఫ్ట్‌లో రాన్ కోహావీ బృందం 2009లో ప్రచురించిన అనుభవం ప్రకారం, జాగ్రత్తగా నియంత్రిత ప్రయోగాలు చేసి చూసిన ఆలోచనల్లో దాదాపు మూడో వంతు మాత్రమే ఏ కొలమానాన్ని మెరుగుపరచడానికి ఉద్దేశించారో దాన్ని మెరుగుపరిచాయి. వినియోగదారుల గురించి అంత సమాచారం చేతిలో ఉన్న సంస్థలోనే అలా ఉంటే, మంజూరు కోసం రాసిన అయిదేళ్ల అంచనాలన్నీ ఉన్నదున్నట్టు నిజమవుతాయని ఆశించడం సమంజసం కాదు. అందువల్ల ప్రతి ప్రయోజనానికీ తొలి అంచనా, ప్రస్తుత అంచనా, ఇప్పటిదాకా నిజంగా వచ్చినది అని మూడు అంకెలు పక్కపక్కన ఉంచండి. తొలి అంచనాను ఎప్పుడూ చెరపవద్దు. ప్రస్తుత అంచనా ఎందుకు మారిందో ప్రతిసారీ ఒక వాక్యం రాయండి. వాడకం 35 శాతం దగ్గర ఆగిందని రెండో రిలీజులోనే తెలిస్తే, ఫారంలో ఏ అంచె దగ్గర వాహనదారులు వదిలేసి ఫోన్ చేస్తున్నారో చూసి తర్వాతి స్ప్రింట్లను అటు మళ్లించవచ్చు. అదే విషయం మూడేళ్ల తర్వాత ఆడిట్‌లో తెలిస్తే దాన్ని సరిదిద్దే బృందం కూడా అప్పటికి ఉండదు.

అయిదేళ్ల ప్రయోజనాన్ని నేరుగా కొలవడానికి అయిదేళ్లు ఆగాలి కాబట్టి, దాని కంటే ముందు కదిలే సూచికలు కావాలి. మీ విషయంలో ఆన్‌లైన్‌లో మొదలైన క్లెయిముల్లో ఎన్ని ఫోన్ అవసరం లేకుండా ముగిశాయి, ప్రమాదం గురించి తొలిసారి తెలిపినప్పటి నుంచి చెల్లింపు దాకా ఎన్ని రోజులు పట్టింది, ఎన్ని క్లెయిములను మళ్లీ తెరవవలసి వచ్చింది అన్నవి సరిపోతాయి. మూడు నాలుగు సూచికలు దాటితే ఎవరూ చూడరు. ఒక సూచికనే లక్ష్యంగా పెడితే అది సూచికగా పనికిరాకుండా పోతుందన్న ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ హెచ్చరిక 1975 నాటిది, ద్రవ్య విధానం గురించి చెప్పినది, అయినా క్లెయిముల విభాగానికీ అంతే వర్తిస్తుంది. ముగింపు రోజులను తగ్గించడమే లక్ష్యమంటే సిబ్బంది క్లెయిమును ముగించేసి మళ్లీ తెరుస్తారు. అందుకే మళ్లీ తెరిచినవాటి సంఖ్యను దాని పక్కనే ఉంచమంటున్నాను.

మీ క్లయింటు బ్రిటన్ సంస్థ కనుక ఇంకొక కారణం కూడా ఉంది. అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్.సి.ఎ. 2023 జులై 31 నుంచి అమల్లోకి తెచ్చిన కన్స్యూమర్ డ్యూటీ ప్రకారం, వినియోగదారులకు మంచి ఫలితాలు అందుతున్నాయో లేదో సంస్థలు గమనిస్తూ ఆధారాలు చూపవలసి ఉంటుంది. ఆన్‌లైన్ సదుపాయం వాడలేని వృద్ధులకు క్లెయిము ఆలస్యమవుతోందా అన్నది మీ ప్రయోజనాల పట్టికలోనే నష్టాల వరుసలో ఉండాలి. నష్టాలను రాయని పట్టికను నేను నమ్మను. ప్రయోజనాల కోసం సేకరించే సమాచారమే నియంత్రణ సంస్థకూ ఉపయోగపడుతుందని చెబితే, కొలవడానికి బడ్జెట్ అడగడం మీకు సులువవుతుంది.

రెండో సందేహం, బృందం వెళ్లిపోయాక ఎవరు చూడాలన్నది. మన దగ్గర నాట్లు వేసినవారే కోతకు కూడా ఉంటారని ఎవరూ అనుకోరు, అయినా పొలానికి ఒక యజమాని ఉంటాడు. మీ ప్రాజెక్టులో లేనిది ఆ యజమాని. ప్రొడక్ట్ ఓనర్‌నే ప్రయోజనానికి యజమానిగా చూపిస్తారు చాలామంది. హైదరాబాదు నుంచి నడిచే పనుల్లో అయితే క్లయింటు వైపు ప్రొడక్ట్ ఓనర్ వారానికి రెండు గంటలు దొరికితే గొప్ప, రోజువారీ నిర్ణయాలు క్లయింటు బదులు ఇక్కడ ఆ పని చూసే ప్రాక్సీ ప్రొడక్ట్ ఓనర్ మీద పడతాయి. క్లయింటు ఖాతాలో పోస్టుల సంఖ్యను మార్చే అధికారం ఆయనకు ఎలా ఉంటుంది? అందువల్ల క్లెయిముల విభాగాధిపతి పేరే రాయాలి. అంతకంటే ముఖ్యంగా, తొమ్మిది పోస్టుల పొదుపును ఆ విభాగపు వచ్చే ఏడాది బడ్జెట్‌లోంచి ముందే తగ్గించి రాయించాలి. బడ్జెట్‌లో పడిన ప్రయోజనాన్ని ఎవరూ మరచిపోరు. అదే సమయంలో ఆర్థిక విభాగం అన్ని ప్రాజెక్టుల పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. అవే తొమ్మిది పోస్టులను మీ ప్రాజెక్టూ, పక్క భవనంలో ఫోన్ల వ్యవస్థ మార్చే ప్రాజెక్టూ రెండూ తమ ఖాతాలో వేసుకోవడం నేను పదేపదే చూస్తున్న సంగతి.

విడుదల తర్వాత కొలిచి చూడడానికి నిధి మిగిల్చి ఉంచడం రెండో భాగం. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కథ ఇక్కడ ఉపయోగపడుతుంది. వర్చువల్ కేస్ ఫైల్ అనే కేసుల నిర్వహణ వ్యవస్థను దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో వదిలేశారు. దాని స్థానంలో మొదలైన సెంటినెల్ కూడా ఆలస్యమైతే, 2010లో ఎఫ్‌బీఐ నిర్మాణాన్ని తన చేతుల్లోకి తీసుకుని ఎజైల్ పద్ధతికి మారి 2012 జులైలో వాడకంలోకి తెచ్చింది. ఎజైల్ విజయగాథగా చెప్పేవారు ఇక్కడితో ఆపేస్తారు. 2014లో న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం వాడుతున్నవారిని అడిగి చూస్తే, మొత్తం మీద తమ పని మెరుగైందని ఎక్కువమంది చెప్పినా, వెతుకులాట సదుపాయం వాడినవారిలో 42 శాతం మందే కావలసిన ఫలితాలు తరచుగా దొరుకుతున్నాయన్నారు. కేసుల మధ్య సంబంధాలను పట్టుకోవడమే ముఖ్యోద్దేశమైన వ్యవస్థకు ఇది చిన్న లోపం కాదు. అడిగి చూశారు కనుక తెలిసింది. మీ బిజినెస్ కేస్‌లో విడుదలైన ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు ఇలా అడిగి చూడడానికి మనిషి గంటలు కేటాయించి ఉన్నాయా? లేకపోతే ఇప్పుడే చేర్చండి. వీలైతే ప్రాజెక్టుగా నిధులివ్వడం మాని, వ్యవస్థ వాడకంలో ఉన్నంత కాలం ఒక చిన్న స్థిరమైన బృందానికి ఏటా నిధులిచ్చే పద్ధతికి క్లయింటును ఒప్పించండి. తొందరలో తీసుకున్న అడ్డదారులు కోడ్‌లో పేరుకుపోయి నిర్వహణ ఖర్చును ఏటా పెంచుతాయి. ఆ ఖర్చు ప్రయోజనాల్లోంచే తరుగుతుంది. దాన్ని తగ్గించే పని బ్యాక్‌లాగ్‌లో గెలవాలంటే దానికి కూడా పౌండ్లలో ఒక అంకె ఉండాలి.

మీ కంపెనీ తరఫున ఒక జాగ్రత్త చెప్పాలి. ఇదంతా విన్నాక క్లయింటు, అయితే ప్రయోజనాన్ని బట్టే చెల్లిస్తామని ప్రతిపాదించవచ్చు. పోస్టులు తగ్గించడం, వినియోగదారులను ఆన్‌లైన్‌కు మళ్లించడం మీ చేతిలో లేనప్పుడు ఆ ప్రయోజనానికి హామీ ఇవ్వవద్దు. మీ చేతిలో ఉన్న ముందస్తు సూచికలకు, ఉదాహరణకు ఫారం మొదలుపెట్టినవారిలో ఎంతమంది పూర్తి చేస్తున్నారన్న దానికి కొంత చెల్లింపును ముడిపెట్టడానికి అభ్యంతరం అక్కర లేదు. పని పరిమాణానికి వేసే అంచనా అయిన స్టోరీ పాయింట్లకు చెల్లింపు ముడిపెట్టిన కాంట్రాక్టులో మాత్రం ప్రయోజనాల గురించి ఎంత మాట్లాడినా వృథాయే, బృందం పాయింట్లనే ఉత్పత్తి చేస్తుంది.

చివరగా మీ మూడో సందేహం. ఏడాది గడిచిపోయింది, తొలి స్థితిని ఎవరూ కొలవలేదు అన్నారు. అది కొంతవరకు తిరిగి కట్టుకోవచ్చు. పాత వ్యవస్థలో ప్రతి క్లెయిము తెరిచిన, మూసిన సమయాలు నమోదై ఉంటాయి. ఫోన్ల వ్యవస్థలో కాల్స్ సంఖ్య, నిడివి ఉంటాయి. జీతాల విభాగంలో ఆ నెలల ఓవర్‌టైమ్ ఉంటుంది. ఇవన్నీ బ్రిటన్ పౌరుల సమాచారంతో ముడిపడినవి కనుక ముడి రికార్డులను ఇక్కడికి తెప్పించుకోకుండా, క్లయింటు చేతనే నెలవారీ మొత్తాలుగా తీయించుకోండి. డేటా రక్షణ అనుమతుల కోసం వారాల తరబడి ఆగే అవస్థ తప్పుతుంది. మీ విస్తరణ ఇంకా చేరని ప్రాంతాలు ఉంటే, వాటిలో వచ్చే నెల నుంచే నిమిషాల లెక్క మొదలుపెట్టించండి. ఒక పక్షం పాటు కొందరు సిబ్బంది పక్కన కూర్చుని సమయం గమనించినా చాలు, బిజినెస్ కేస్‌లోని 40 నిమిషాల వంటి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడే తెలుస్తుంది. ఇలా దొరికిన తొలి స్థితి ఎంత నమ్మదగినదో పక్కన రాసి, దాని మీద ఆర్థిక విభాగం, క్లెయిముల విభాగాధిపతి ఇద్దరి ఆమోదమూ తీసుకోండి. తర్వాతి త్రైమాసిక సమావేశానికి బర్న్‌డౌన్ చార్టు బదులు ఆ పట్టికనే తీసుకువెళ్లండి, ప్రస్తుత అంచనా తొలి అంచనా కంటే తక్కువగా ఉన్నా సరే. ఎంత తగ్గింది, ఎందువల్ల, అందులో వచ్చే రెండు రిలీజుల్లో ఎంత తిరిగి రాబట్టవచ్చు అని మీరే ముందుగా చెబితే, చర్చ స్ప్రింట్ల మీది నుంచి వాడకం మీదికి, పోస్టుల మీదికి మళ్లుతుంది. ఆ చర్చలో నిర్ణయాలు చేయవలసినవారు కూడా ఆ గదిలోనే ఉంటారు.